కోర్డోబా మస్జిద్: ఏది ముందు చూడాలి, ఎక్కడ ఆగాలి

స్పెయిన్‌లోని కోర్డోబా మస్జిద్-కథీడ్రల్‌కు (మసీదుగా కట్టి, తర్వాత పెద్ద చర్చిగా మార్చిన కట్టడం) వెళ్లినవాళ్లు చాలామంది లోపలికి అడుగు పెట్టగానే నేరుగా మిహ్రాబ్ (ప్రార్థన దిక్కు చూపే గోడ గూడు) దగ్గరికి నడుస్తారు. అలా చూస్తే సగం పోయినట్టే. దీన్ని కట్టిన వరుసలోనే చూడాలి.

మొదట 785-86లో ఇక్కడి పాలకుడు అబ్దుర్ రహమాన్-1 మొదలుపెట్టిన భాగం. స్తంభాలు పాత రోమన్ కట్టడాల నుంచి, ముస్లింలకు ముందు స్పెయిన్‌ను ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచి తెచ్చినవి. పొడవు, రంగు, శీర్షం ఏదీ ఒకదానితో ఒకటి కలవదు. పైగా పొట్టివి. వాటి మీదే కప్పు వేస్తే అంత పెద్ద హాలు అణిగిపోయినట్టు ఉండేది. అందుకే స్తంభం మీద రాతి దిమ్మె లేపి, రెండంతస్తుల కమానులు కట్టారు. కప్పు బరువు మోసేది పై కమాను. కింది గుర్రపునాడా కమాను దిమ్మెలు పక్కకు ఒరగకుండా పట్టి ఉంచుతుంది. కమానుల్లో ఎర్రటి పట్టీలు ఇటుక, తెల్లటివి రాయి.

వరుసలో చివరిదైన, 987 తర్వాత మంత్రి అల్-మన్సూర్ తూర్పు వైపు పెంచిన భాగంలో ఈ తేడా పట్టుకోవాలి. అక్కడ కమాను మొత్తం రాయే, ఎరుపు వట్టి రంగు. విశాలమే గానీ పనితనం తగ్గింది.

అసలు సమయం కేటాయించాల్సింది మాత్రం దానికంటే ముందు, 960లలో ఖలీఫా అల్-హకమ్-2 కట్టించిన భాగానికి. ఇక్కడి స్తంభాలు ఏరి తెచ్చినవి కావు, దీనికోసమే చెక్కినవి: ఒకటి గులాబీ, పక్కది ముదురు నీలం. మిహ్రాబ్ ముందు గుమ్మటంలో ఎనిమిది రాతి పట్టీలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి, నడిమధ్యన మాత్రం కలవవు. ఆ ఖాళీలో చిన్న గుమ్మటం కూర్చుంది. ఎంత అందమైన లెక్క! కింద మొజాయిక్‌లో గాజు పొరల మధ్య బంగారు రేకు ఉంటుంది. రెండడుగులు పక్కకు జరిగి చూడండి, కూఫీ (కోణాల అరబిక్ లిపి) అక్షరాల చుట్టూ మెరుపు కూడా జరుగుతుంది. ఇనుప కటకటాలు దగ్గరికి పోనివ్వవు, చిన్న బైనాక్యులర్ ఉంటే మంచిది.

లోపల చీకటి ఎక్కువ. ప్రాంగణం వైపు కమానులు ఒకప్పుడు తెరిచి ఉండేవి, తర్వాత చాలావరకు మూసేశారు. 1523లో నడుమ లేపడం మొదలుపెట్టిన కథీడ్రల్ గోడలు స్తంభాల వరుస చూపును తెంచేస్తాయి. అదే పెద్ద లోటు.

పొద్దున్నే ఉండే ఉచిత ప్రవేశం గంట లోపే ముగుస్తుంది, చాలదు. టికెట్ కొని రెండు గంటలు పెట్టుకోండి. బయటికి వచ్చేటప్పుడు నారింజ చెట్ల ప్రాంగణం వసారాలో పాత పైకప్పు దూలాలు కనిపిస్తాయి. లోపలి చెక్క కప్పు చాలావరకు వాటిని చూసి తిరిగి చేసినదే, అసలు చెక్కడం ఇక్కడే ఉంది.