బరంపురంలో పార్కిన్సన్స్ వాళ్ల శనివారం క్లాసు: ఎనిమిది నెలలు వెళ్లాక రాస్తున్నాను

2021 నవంబరులో పింఛను కాగితం మీద నేను పెట్టిన సంతకం బ్యాంకువాళ్ల దగ్గరున్న పాత సంతకంతో కలవలేదు. మొదటి అక్షరం శనగగింజంత ఉంటే, చివరికొచ్చేసరికి ఆవగింజంత. ముప్పయ్యొక్క ఏళ్లు ఒడిశాలోని ఈ బరంపురంలోనే తెలుగు మీడియం బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. ఆఖరి బెంచీ పిల్లాడికి కూడా కనబడేలా బోర్డు మీద రాసిన చెయ్యి ఇది. రెండు నెలల తర్వాత డాక్టరుగారు పార్కిన్సన్స్ అన్నారు. చెయ్యి వణికి, కదలికలు నెమ్మదించి, రాసే అక్షరం కూడా కుంచించుకుపోయే మెదడు జబ్బు.

మాత్రలు మొదలయ్యాక వణుకు బాగానే తగ్గింది. తగ్గనిది వేరే ఉంది. ఉదయం లేవగానే గుండెల్లో ఏదో బరువు. పేపరు ముందే ఉన్నా తెరవాలనిపించదు. టీ కొట్టుకు వెళ్లడం మానేశాను, పెళ్లిళ్లకు మానేశాను, ఫోనెత్తడం కూడా మానేశాను. చూపించుకున్న చోటల్లా నడక చూశారు, చెయ్యి తిప్పి చూశారు, బీపీ చూశారు. ఒకచోటైతే నేను ఎదురుగా కుర్చీలో ఉండగానే, "ఈయన అన్నం తింటున్నారా?" అని మా ఆవిణ్ణి అడిగారు. మనసెలా ఉందని నన్నడిగినవాళ్లు లేరు. వయసు మీద పడితే ఇంతే అనుకుని నేనూ చెప్పలేదు.

ఈ శనివారం క్లాసు సంగతి మా అమ్మాయికి ఎవరో చెప్పారు. బడాబజారు దగ్గర ఒక సందులో, మేడ మీద ఫిజియోథెరపీ సెంటరు. శనివారం పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకే కేటాయిస్తారు. పూటకు మూడు వందలు. వ్యాయామం వారం వారం ఉంటుంది. మనసు సంగతి చూసే సైకాలజిస్టు అమ్మాయి మాత్రం నెలకు రెండుసార్లే, ఇచ్ఛాపురం నుంచి రైల్లో వస్తుంది. నా మట్టుకు నాకు ఈ మూడు వందలూ ఆ అమ్మాయి కోసమే ఇచ్చినా నష్టం లేదు.

మొదటిరోజు సెంటరువాళ్లు నా చేత ఒక కాగితం నింపించారు. అవును, కాదు అని జవాబులు చెప్పే పదిహేను ప్రశ్నలు. పెద్దవయసువాళ్లలో డిప్రెషన్ పసిగట్టడానికి చాలా దేశాల్లో వాడేదేనట. ఫిజియో కుర్రవాడు ఒడియాలో అడిగాడు. నాకు ఒడియా తెలుగంత బాగానే వచ్చు, చిన్నప్పటి నుంచీ మాట్లాడుతున్నదే. కానీ ఒడియాలో ఎవరు ఎలా ఉన్నావన్నా "భొలొ అఛి", అంటే బాగున్నాను, అనడం నాకు అలవాటు. ఆ ప్రశ్నలకూ అలాగే చెప్పేశాను, డిప్రెషన్ లేదని లెక్క తేలింది. తర్వాత ఒక శనివారం ఆ సైకాలజిస్టు అమ్మాయి వచ్చి, అవే ప్రశ్నలు తెలుగులో అడిగింది. మూడో నాలుగో ప్రశ్న దగ్గర, "మాస్టారూ, రోజంతా ఖాళీగా, వెలితిగా అనిపిస్తోందా?" అంది. వెలితి అన్న మాట వినగానే నాకు గొంతు పట్టేసింది. ఆమె కాగితం పక్కన పెట్టి, నేను తేరుకునేదాకా ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. నా వైపే చూస్తూ కూర్చుంది, మా ఆవిడ వైపు కాదు.

ఆ రోజు ఆమె చెప్పినవి ఇంకెవరైనా నాకు నాలుగేళ్ల ముందే చెప్పి ఉండాల్సింది. పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు పోతాయి. ఆ డోపమిన్ చెయ్యీ కాలూ కదలడానికే కాదు, ఏదైనా చెయ్యాలన్న కోరిక పుట్టడానికీ కావాలి. కాబట్టి దిగులు అనేది జబ్బు వచ్చిందని తెలిసి పడే బాధ మాత్రమే కాదు, జబ్బులోనే ఒక భాగం. మూడో వంతు మందికి పైగా ఈ డిప్రెషన్ లక్షణాలు కనిపిస్తాయి. కొందరిలో వణుకు కంటే ఏళ్ల ముందే మొదలవుతుంది. దానికి మందు ఉంది, మాటలతో చేసే చికిత్సా ఉంది. ఇంకో సంగతి, దిగులు వేరు, దేని మీదా ఆసక్తి పుట్టకపోవడం వేరు. రెండోదాంట్లో మనిషికి ఏడుపు రాదు, బాధా అనిపించదు, లేచి చెయ్యాలన్న ఊపు మాత్రం ఉండదు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అనుకుంటారు. మా ఆవిడ అప్పుడు తల వంచుకుంది. ఆమె తప్పు కాదు, నేను కూడా నన్ను అలాగే తిట్టుకుంటున్నాను.

తర్వాత ఒక నోటుబుక్కు ఇచ్చింది. గంట గంటకూ మనసు ఎలా ఉందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె వెయ్యాలి. మాత్ర ఎప్పుడు వేసుకున్నానో, ఏం తిన్నానో పక్కన రాయాలి. లెక్కల మాస్టారికి ఇంతకంటే ఏం కావాలి. పది రోజులు రాశాను. పదకొండు గంటలప్పుడూ, సాయంత్రం నాలుగప్పుడూ అంకె రెండుకీ మూడుకీ పడిపోతోంది. చూస్తే రెండూ తరువాతి మాత్రకు ముందు వచ్చే సమయాలే. మందు పని అయిపోతున్నప్పుడు కాళ్లు బిగుసుకున్నట్టే మనసూ బిగుసుకుంటుందట, ఊరికే భయం, టెన్షన్ పుట్టుకొస్తాయట. ఇంకొకటి కూడా దొరికింది. పొద్దున్న ఎనిమిదింటికి పెసరట్టుతో పాటే మాత్ర వేసుకున్న రోజుల్లో పదకొండింటి దెబ్బ ఎక్కువగా ఉంది. పప్పుల్లో, పాలల్లో ఉండే ప్రొటీన్ మెదడులో డోపమిన్‌గా మారే ఈ లెవోడోపా మందును ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుపడుతుంది. ఆ నోటుబుక్కు తీసుకెళ్లి న్యూరాలజీ డాక్టరుకు చూపించాం. ఆయన మాత్ర వేళలు మార్చారు, పొద్దున్నది టిఫినుకు ముప్పావుగంట ముందు వేసుకోమన్నారు. ఆ పుస్తకమే లేకపోతే "భయంగా ఉంటోంది" అన్న నా మాటకు నిద్రమాత్ర ఒకటి రాసేవారేమో.

వ్యాయామం సంగతి ఎక్కువ రాయను, బాగుంటుంది. ఒక్కటి మాత్రం చెప్పాలి. అక్కడ గోడకు నల్లబోర్డు ఉంది. దాని మీద రెండంగుళాల ఎడంతో సుద్దతో గీతలు గీసి ఉంచుతారు. పై గీతనీ కింది గీతనీ తాకేలా పేరు రాయమంటారు. గీత కనబడుతుంటే అక్షరం కుంచించుకుపోదు. మొదటిసారి నా పేరు పూర్తిగా రాసి వెనక్కి జరిగి చూసుకున్నాను. చేతికి సుద్దపొడి అంటుకుంది. తుడుచుకోబుద్ధి కాలేదు. గొంతు కూడా సన్నబడిపోయింది కదా, దానికి గట్టిగా అరిచి చదవమంటారు. తలా ఒకటీ చదువుతారు, నేను ఎక్కాలు చదువుతాను. ఇంట్లో గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినప్పుడు కూడా ఇప్పుడు పదమూడో ఎక్కమే. పదమూడొకట్ల పదమూడు అనగానే కాలు లేస్తుంది.

మేము వ్యాయామం చేస్తుంటే వెంట వచ్చినవాళ్లను పక్కగదిలో కూర్చోబెడతారు. వాళ్లకు వేరే మాటలు ఉంటాయి. నేను నిద్రలో కలవరిస్తూ కాళ్లు విసురుతున్నానని, అందుకే తను రెండేళ్లుగా చాప మీద పడుకుంటోందని మా ఆవిడ అక్కడ చెప్పింది. నాతో మాత్రం తనకు నడుం నొప్పి అని చెబుతూ వచ్చింది. కలలో చేసేది నిజంగా చేసెయ్యడం కూడా ఈ జబ్బులో ఉండేదేనని, డాక్టరుతో చెబితే దారి ఉంటుందని తెలిసిన రోజు ఇంటికొచ్చి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. కొన్ని రకాల మాత్రలతో కొందరికి జూదం, అనవసరపు కొనుగోళ్లు లాంటి యావ పుట్టొచ్చు, అలాంటిదేమైనా ఉందా అని కూడా ఆ గదిలోనే నెమ్మదిగా అడిగి తెలుసుకుంటారు. మగవాళ్లు తమంతట తాము చెప్పరు కదా.

మా మనవడి సంగతి కూడా రాయాలి. ఆరేళ్లు వాడికి. "తాతా, నా మీద కోపమా?" అని అడిగాడు ఒకసారి. వాడు బొమ్మ చూపిస్తే నాకు లోపల సంతోషంగానే ఉంది, మొహంలోకి రాలేదంతే. ఈ జబ్బులో మొహం కండరాలు బిగుసుకుని ముసుగు వేసినట్టు అవుతుంది. ఆ అమ్మాయి వాణ్ణి కూడా ఒక శనివారం తీసుకురమ్మంది. "తాత మొహం నెమ్మదిగా నవ్వుతుంది నాన్నా, నువ్వు అడుగు, నోటితో చెప్తారు" అంది. ఇప్పుడు వాడు బొమ్మ గీసి తెచ్చి, "నవ్వావా తాతా?" అని అడుగుతాడు. నవ్వాన్రా అంటాను.

బాగులేనివి కూడా చెబుతాను. పద్దెనిమిది మెట్లు, ఒక పక్కనే పట్టుకునే కడ్డీ. కాళ్లు సరిగా పడనివాళ్ల క్లాసు మేడ మీద పెట్టడం ఏమిటని రెండుసార్లు అడిగాను, కింద గది చూస్తున్నామంటున్నారు. రెండోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. కొత్తగా వచ్చినవాళ్లనీ జబ్బు ముదిరి చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెడతారు. నా రెండో శనివారం ఒక పెద్దాయనకు ఆయన కొడుకు నీళ్లు తాగిస్తుంటే చూసి, ఆ తర్వాత రెండు వారాలు నేను వెళ్లలేదు. రాత్రిళ్లు అదే కళ్లముందు. అందరిలో జబ్బు ఒకేలా, ఒకే వేగంతో పోదని తర్వాత తెలిసింది. అది మొదటిరోజే చెప్పాలి. మొదటి నెల కొత్తవాళ్లను విడిగా కూర్చోబెట్టినా చాలు. వాట్సాప్ గ్రూపులో ఒకరు దూలగొండి పొడి అమ్మజూపారు. దాంట్లో లెవోడోపా ఉన్న మాట నిజమే, అందుకే డాక్టరుకు చెప్పకుండా మాత్రలతో కలిపి వేసుకుంటే ప్రమాదం. సెంటరువాళ్లు ఆ మెసేజ్ తీయించడానికి మూడు రోజులు పట్టింది.

ఆ అమ్మాయి రాని వారాల్లో రాత్రి మనసు మరీ బాగులేకపోతే ఫోన్ చెయ్యమని 14416 నంబరు రాసి ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ అది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ కూడా ఉందన్న సంగతీ ఇక్కడే తెలిసింది. సర్టిఫికెట్టుకు కాగితాలు పెట్టాను.

చివరిగా ఆమె పెట్టిన హోంవర్కు. సిగ్గుతో మానేసిన పనులన్నీ రాయమంది. పదకొండు రాశాను. వాటిలో అన్నిటికంటే తేలికైనది ఒక్కటి ఈ వారం మళ్లీ మొదలుపెట్టమంది. టీ కొట్టు అన్నాను. గ్లాసు వణికి చొక్కా మీద ఒలికిందని మానేశాను. కొట్టతను పాతికేళ్లుగా తెలిసినవాడు. వెళ్లి ఉన్న సంగతి చెప్పాను. ఏమీ అనలేదు, పెద్ద స్టీలు గ్లాసు తీసి అందులో సగమే పోసి ఇచ్చాడు. శనివారం క్లాసయ్యాక నేనూ, మా క్లాసులోని ఇంకో ఇద్దరూ అక్కడికే వెళ్తున్నాం.

మీరు వెళ్లేటట్టయితే మాత్ర వేసుకున్న ముప్పావుగంటకు మెట్లెక్కేలా చూసుకోండి. ఒక్కరే వెళ్లకండి, ఇంట్లోవాళ్లను కూడా తీసుకెళ్లండి, పక్కగదిలో వాళ్లకూ కుర్చీ ఉంటుంది. ఆ అమ్మాయి వచ్చేది రెండో, నాలుగో శనివారాలు.