వేడంతాంగల్ ఫొటోగ్రఫీ యాత్రకు డబ్బు కట్టబోయే చెన్నై తెలుగువారికి హెచ్చరిక

శీతాకాలం మొదలైతే చాలు, చెన్నైలోని మన తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఆ పక్షుల ఫొటోగ్రఫీ యాత్ర (చెన్నై దగ్గరి వేడంతాంగల్ చెరువు పక్షుల సంరక్షణ కేంద్రానికి) ప్రకటనను మీలో చాలామంది చూసే ఉంటారు కనుక, ఎవరి గురించి చెబుతున్నానో వేరే వివరించనక్కరలేదు. మనిషికి 4,500 రూపాయలు, వ్యాను, టిఫిను, పక్షులను గుర్తుపట్టడం నేర్పే తెలుగు గైడు, అన్నీ అందులోనే అన్నారు. నిన్న ఆదివారం నేను ఆ యాత్రకు వెళ్ళి వచ్చాను. దయచేసి ఇంకెవరూ ఆ యాత్ర నిర్వాహకుడికి డబ్బు కట్టవద్దు.

తాంబరంలో వ్యాను ఆలస్యంగా బయలుదేరడం, ఫొటోలకు పనికొచ్చే లేత ఎండ దారిలోనే అయిపోవడం పెద్ద విషయం కాదు, వదిలేస్తున్నాను. కానీ నేర్పుతానన్న మనిషికి ఆ విద్య తెలిసి ఉండాలి కదా. గట్టు పక్కన కొమ్మ మీద గోధుమరంగు ఒళ్ళు, రెక్కల నిండా తెల్లని చుక్కలు ఉన్న పక్షిని చూపించి, ఇది చాలా అరుదుగా దొరికే బిట్టర్న్ అనే కొంగజాతి పక్షి అని, దీని ఒక్క ఫొటోతోనే మీ డబ్బు గిట్టుబాటైపోయిందని అందరికీ చెప్పారు. అది నైట్ హెరాన్ అనే మామూలు రాత్రి కొంగ పిల్ల. నల్లని నెత్తి, నల్లని వీపు, ఎర్రని కన్నుతో పెద్ద పక్షి అదే చెట్టు మీద జానెడు దూరంలో కూర్చుని ఉంది. ఆ సంగతి నేను మెల్లగా చెబితే, "అక్కా, ఫీల్డులో ఇన్నేళ్ళుగా ఉన్నవాణ్ణి నేను" అని మాట దాటేశారు. పాపం, తోటివాళ్ళలో కొందరు ఆ ఫొటోను బిట్టర్న్ పేరుతోనే బంధువులకు పంపుకున్నారు.

నన్ను ఇంత రాత్రివేళ కూర్చుని రాయిస్తున్నది మాత్రం ఆ తరువాత జరిగినది. గట్టు చివర జనం పలచబడిన చోట, ఒడ్డుకు దగ్గరగా నీళ్ళలో నిలిచిన చెట్టు మీద ఎర్రకాళ్ళ కొంగల గూళ్ళు ఉన్నాయి. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఒక తల్లి కొంగ గూటి అంచున నిలబడి, రెక్కలు సగం విప్పి, ఇంకా ఈకలు సరిగా రాని పిల్లల మీద నీడ పట్టి ఉంది. గొంతు ఎగపోసుకుంటూ కూడా అది అంగుళం కదలలేదు. నేను కెమెరా దించి చూస్తూ ఉండగానే, నిర్వాహకుడు తన సహాయకుడికి సైగ చేశాడు. అతను చెట్టు మొదట్లో నీళ్ళలోకి పెద్ద రాయి విసిరి, చప్పట్లు కొడుతూ కేకలు వేశాడు. చెట్టంతా ఒక్కసారిగా లేచింది. "ఎగిరే షాట్, నొక్కండి, నొక్కండి" అని ఆయన అరుస్తున్నాడు. తల్లి లేచిన గూటిలో పిల్లలు మెడలు చాచి ఎండలో అల్లాడుతున్నాయి. పక్క చెట్టు మీది కాకి ఒకటి అప్పుడే పై కొమ్మకు వచ్చి వాలింది.

ఇదేం పని అని నేను గట్టిగా అడిగాను. ఆయన అందరి ముందు నా వైపు తిరిగి, "డబ్బు కట్టింది ఫొటో కోసమా, నీతులు చెప్పడానికా? నచ్చకపోతే వెళ్ళి వ్యానులో కూర్చో" అన్నాడు. అంతవరకు అక్కా అని పిలిచిన మనిషి. తల్లి తిరిగి గూటికి చేరేదాకా నేను అక్కడి నుంచి కదలలేదు; ఆయన మాత్రం రెండో చెట్టు దగ్గరికి నడిచాడు.

గూడును, గుడ్లను కదిలించి కలవరపెట్టడం కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట కిందికే వస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, అది ఎలాంటి చెరువు! ఆ పక్షుల రెట్ట కలిసిన నీరే తమ పొలాలకు బలమని తెలిసిన వేడంతాంగల్ రైతులు, 18వ శతాబ్దం చివరలోనే, తెల్లసిపాయిలు అక్కడ కొంగలను కాల్చారని చెంగల్పట్టు కలెక్టరు దగ్గరకు వెళ్ళి, వాటిని కాపాడుకునే హక్కును రాతపూర్వకంగా సంపాదించుకున్నారు. 1858లో దాన్ని మళ్ళీ ఖాయం చేయించుకున్నారు. 2022లో ఆ చెరువుకు, అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలకు ఇచ్చే రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. తుపాకుల నుంచి ఊరివాళ్ళు కాపాడుకొచ్చిన గూళ్ళ మీద మన తెలుగువాడు, మన డబ్బుతో, రాయి వేయించాడు. ఆ చెట్టును గుర్తుచేసుకుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతున్నాయి.

ఇంటికి వచ్చాక డబ్బు వెనక్కి అడిగితే జవాబు లేదు, నన్ను గ్రూపు నుంచి తీసేశారు. అంతకన్నా దారుణం, వ్యానులో అందరం పంచుకున్న ఫొటోల్లోంచి నేను తీసిన తెడ్డుమూతి కొంగ ఫొటోను వచ్చే వారం యాత్ర ప్రకటనకు వాడుకున్నారు.

వేడంతాంగల్ వెళ్ళడానికి ఇలాంటి మధ్యవర్తి అవసరమే లేదు. చెన్నై నుంచి జి.ఎస్.టి. రోడ్డులో (తిరుచ్చి వైపు వెళ్ళే హైవే) చెంగల్పట్టు దాటి పడాళం దగ్గర తిరిగితే చాలు. టికెట్టు కొనుక్కుని గట్టు మీద నడవవచ్చు, పైనుంచి చూడడానికి అటవీశాఖ కట్టిన గోపురం ఉంది. నవంబరు నుంచి మార్చి దాకా వెళ్ళవచ్చు, తెల్లవారగానే చేరండి. పేర్లు తెలియకపోతే, పక్షులను గుర్తుపట్టే మెర్లిన్ యాప్ ఉచితం. తోడు కావాలనుకుంటే, 1978 నుంచి నగరంలో ఉన్న ప్రకృతి ప్రేమికుల సంఘం మద్రాస్ నేచురలిస్ట్స్ సొసైటీ వాళ్ళను అడగండి. ఇప్పటికే ఆయనకు అడ్వాన్సు కట్టినవాళ్ళు రేపే వెనక్కి అడగండి, ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. రాయి వేయించిన సంగతిని నేను ఫొటోలతో సహా అటవీశాఖకు రాసి పంపాను. నిన్న నాతోపాటు వ్యానులో ఉండి అది చూసినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీరు కూడా ఒక ఉత్తరం రాయండి.