సెకండ్ హ్యాండ్ బండి కొంటున్నారా? ముందు ఎంపరివాహన్‌లో నంబరు కొట్టండి

మా పాప డిగ్రీలో చేరింది. కాలేజీ బస్సు మా వీధి దాకా రాదు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో ఒక యాక్టివా చూద్దామనుకున్నాం. ఈసారి మాత్రం బేరం కంటే ముందు, బండి రికార్డు చూపించే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్ తెరిచాను.

'ఈసారి' అనడానికి కారణం ఉంది. 2017లో నా పాత స్ప్లెండర్‌ని విజయవాడలో ఒక బ్రోకర్ ద్వారా అమ్మాను. పేరు మార్పు కాగితాలైన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుని "పేరు మార్పించే పూచీ నాదండీ" అన్నాడు. నమ్మి ఆర్‌సీ కూడా చేతిలో పెట్టేశాను. మూడేళ్ల తర్వాత చలాన్లు రావడం మొదలైంది. ఫోటో తెరిస్తే హెల్మెట్ లేకుండా ఎవరో కుర్రాడు, వెనక ఇంకొకడు. నంబరు ప్లేటు మాత్రం నా బండిదే. చలాన్ డబ్బులు పోతే పోయాయి, వాళ్లు ఎవరినైనా గుద్దితే నా గతేమిటన్న టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రికార్డులో పేరు మార్పించడానికి నాలుగు నెలలు తిరిగాను.

మన దగ్గర బండి చేతులు మారినా నంబరు మారదు. మారాల్సింది రికార్డులో పేరు. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఓకి తెలపాలని మోటారు వాహనాల చట్టంలో ఉంది. బండి ఎప్పుడో అమ్మేశానన్నా సరే, ప్రమాదం జరిగినప్పుడు రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇది నాకు ముందే తెలిసుంటే ఆ సంతకాలు పెట్టేవాడిని కాదు.

ఇక యాప్ సంగతి. ఫోన్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయి బండి నంబరు కొడితే బండ్ల రిజిస్ట్రేషన్ల ప్రభుత్వ డేటాబేస్ 'వాహన్' రికార్డులోని వివరాలు వస్తాయి. మోడల్ ఏంటి, ఎప్పుడు రిజిస్టర్ అయింది, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఇవన్నీ చూసుకోవచ్చు. యజమాని పేరు మాత్రం ఒకటి రెండు అక్షరాలు కనిపించి మిగతావి చుక్కలుగా వస్తాయి. మొదట చిరాకేసింది. తర్వాత ఆలోచిస్తే, రోడ్డు మీద పోయే ప్రతివాడికీ ప్లేటు చూసి మా పాప పేరు తెలిసిపోవడం నాకూ ఇష్టం లేదు.

పటమటలో చూసిన మొదటి బండికి లోన్ ఎప్పుడో అయిపోయిందన్నారు. ఆర్‌సీ చూస్తే ఫైనాన్స్ వాళ్ల పేరు అలాగే ఉంది. డబ్బు కట్టేశారు గానీ, బాకీ లేదన్న ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 ఇవ్వలేదు. అది తీయించాక మాట్లాడదామని వచ్చేశాం.

రెండోది గుణదలలో, ఏపీ 39 సిరీస్. మా మెకానిక్ కింద కూర్చుని, ఛాసిస్ నంబరు చెక్కిన చోట మట్టి గుడ్డతో తుడిచి, తెల్ల కాగితం ఆనించి పెన్సిల్ అడ్డంగా రుద్దాడు. అంకెలు ఒక్కొక్కటే తేలాయి. పాప ఆర్‌సీ పట్టుకుని పైకి చదువుతుంటే నేను కాగితం మీద వేలు పెట్టి సరిచూశాను. ప్లేటు మీద నీలం రంగులో ఐఎన్‌డీ, హోలోగ్రామ్, లేజర్ నంబరు కూడా చూశాం. ప్లేటు ఒక్కటే చూసి కొనకండి, దాన్ని ఎవరైనా తగిలించొచ్చు. ఛాసిస్ నంబరు కలవాల్సిందే.

యాప్‌కి నేను అయిదుకి నాలుగు ఇస్తాను. రికార్డులో ఏముందో చెబుతుంది గానీ, ఎదురుగా నిలబడి అమ్ముతున్న మనిషి ఆ రికార్డులోని మనిషేనా అన్నది చెప్పదు. అది ఆధార్ అడిగి మనమే చూసుకోవాలి. చలాన్లు నేను ఏపీ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో విడిగా చూశాను. రెండు పెండింగ్ ఉంటే అమ్మేవాళ్లే కట్టారు. ఇన్సూరెన్స్ పాలసీలో పేరు మార్పు కూడా వేరే పని, మర్చిపోకండి.

ఆ గుణదల బండే కొన్నాం. మూడు వారాల తర్వాత మళ్లీ నంబరు కొట్టాను. బండి అదే, నంబరు అదే. పాపకి చూపిస్తే "అన్నీ చుక్కలే కదా నాన్నా" అంది. ఆ చుక్కల ముందున్న రెండు అక్షరాలు దానివే.