తోట పక్కనే ఉంది, మధ్యలో కోల్డ్ రూమే అడ్డం

మారుమూల పల్లెలో, తోటను ఆనుకుని ఉన్న రెస్టారెంట్ ఇది. ఆ ప్రశాంతత, చెక్క బల్లలు, ఆదరంగా వడ్డించడం గురించి ఇప్పటికే అందరూ రాసేశారు కాబట్టి వాటి జోలికి పోను. అన్ని కాలాల్లోనూ తిన్నాక నాకు అర్థమైందేమిటంటే, ఇక్కడ ఏ వంటకం బాగుంటుందో తేలేది వంటింటి వెనకున్న కోల్డ్ రూమ్‌లో.

అందులోకి వెళ్లని సరుకు మొక్కజొన్న ఒక్కటే. దానికి మాత్రం వంక పెట్టలేం. ఆర్డర్ ఇచ్చాకే పొత్తు విరుస్తారు, పొట్టు ఒలిచి మరిగే నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి తీసేస్తారు. గింజను గోటితో గిల్లితే తెల్లటి పాలు చిమ్ముతాయి. పాత తీపి రకాల్లో కోసిన క్షణం నుంచే చక్కెర పిండిగా మారుతూ ఉంటుంది. వేడి రోజైతే మర్నాటికి సగం తీపి పోవచ్చు. సూపర్ స్వీట్ రకాలు కొన్ని రోజులు తట్టుకుంటాయి గనక వాటితో ఈ తేడా అంతగా తెలియదు. వీళ్లు వేసేది పాత రకమే.

ఇక ఫ్రైస్. తవ్విన కొత్తలో బంగారు రంగులో, కరకరలాడుతూ వచ్చాయి. చలికాలం సగం గడిచేసరికి అవే దుంపలు అంచులు నల్లబడి, నోట్లో పెడితే ముందు తీపి, వెనకే చేదు. వంటవాళ్లు నూనె మార్చారు. మంట తగ్గించారు. రంగు కాస్త అదుపులోకి వచ్చింది గానీ, ముక్కలు నూనె పీల్చుకుని చతికిలబడ్డాయి. లోపం మూకుడులో ఉంటే కదా! దుంపల్ని ఆకుకూరల పక్కనే 4 డిగ్రీల్లో పెడుతున్నారు. ఆకుకూరకు అది మేలే. బంగాళాదుంపకు మాత్రం 6 డిగ్రీల లోపు చలి వారాల తరబడి తగిలితే పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, నూనెలో పడగానే ఆ చక్కెర నల్లబడుతుంది. అలా నల్లబడిన ముక్కల్లో అక్రిలమైడ్ (పిండి పదార్థాల్ని ఎక్కువ వేడిలో వేయించినప్పుడు పుట్టే, ఒంటికి మంచిది కాని రసాయనం) కూడా ఎక్కువే.

వేయించే దుంపల్ని 8–10 డిగ్రీల్లో, చీకట్లో, కడక్కుండా ఉంచాలి. అప్పటికే తీపెక్కినవాటిని 15–18 డిగ్రీల్లో రెండు మూడు వారాలు ఉంచితే చాలావరకు దారికొస్తాయి. అంత వ్యవధి లేకపోతే, కోసిన ముక్కల్ని 75 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు ఉంచితే కొంత చక్కెర నీళ్లలోకి దిగిపోతుంది. తర్వాత తడి లేకుండా ఆరబెట్టి, 150లో ఒకసారి, 180లో రెండోసారి వేయించాలి. ఇదంతా చెబితే వచ్చిన జవాబు: “మా దుంప రకమే అంతండీ.” రకాన్ని బట్టి తేడా ఉంటుంది, కాదనను. మరి కొత్తలో బాగా వచ్చినవి ఏ రకమో!

టమాటాదీ ఇదే కథ. పండినదాన్ని 12 డిగ్రీల కన్నా తక్కువలో వారం పాటు ఉంచితే సువాసన పోతుంది, మళ్లీ బయటపెట్టినా పూర్తిగా తిరిగి రాదు. చూడ్డానికి ఎర్రగా నిగనిగలాడుతుంది, ముచ్చిక దగ్గర ముక్కు పెడితే ఏమీ ఉండదు. బేసిల్ ఆకు సరేసరి, ఆ చలికి నల్ల మచ్చలు పడిపోతుంది.

“అన్నీ ఏ రోజువి ఆ రోజే” అని మొదట్లో నేనే పదిమందికీ చెప్పాను. మొక్కజొన్న తప్ప మిగతావాటి కోత వారానికి రెండుసార్లే. కోత రోజున, మహా అయితే మర్నాడు, ఆ మాట నిలుస్తుంది.

నాకు దారిలోనే పడుతుంది, మెనూలో ఏది దొరికితే అది తినగలను కాబట్టి ఇంకా వెళ్తున్నాను. పనిగట్టుకుని గంటల తరబడి ప్రయాణం చేసి వెళ్లేవాళ్లయితే, ముందు ఫోన్ చేసి కోత ఏ రోజో, మొక్కజొన్న ఉందో లేదో కనుక్కోండి. చలికాలంలో పిల్లలు ఫ్రైస్ కోసం పేచీ పెట్టేవాళ్లయితే మాత్రం, దుంపలు ఎక్కడ పెడుతున్నారో కూడా అడగండి.