పుస్తకం పక్కనపెట్టి వార్తలతో గవర్నమెంట్ పాఠం: ఎనిమిదేళ్లు వాడాక

డాలస్ పక్కన ఒక కమ్యూనిటీ కాలేజీలో గవర్నమెంట్ సబ్జెక్టు చెబుతుంటాను. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ చేతికి రావాలంటే మేజర్ ఏదైనా రెండు కోర్సులు తప్పవు. 2305 ఫెడరల్ ప్రభుత్వం, 2306 టెక్సస్ ప్రభుత్వం. నర్సింగ్‌కి వెళ్లేవాళ్లు, రాత్రంతా గోడౌన్‌లో షిఫ్టు చేసి కళ్లు నులుముకుంటూ వచ్చేవాళ్లు, హైస్కూల్లో ఉంటూనే కాలేజీ క్రెడిట్లు కొట్టేసే మన తెలుగు పిల్లలు, అందరూ నా ముందు కూర్చునేది తప్పక కూర్చోవడమే. ఇష్టంతో వచ్చినవాళ్లు సెమిస్టర్‌కి ఇద్దరుంటే గొప్ప.

పుస్తకం చెప్పీ చెప్పీ నాకే ఆవలింతలొచ్చి, 2017 ఆగస్టులో ఆ వారం వార్తలతోనే పాఠం మొదలుపెట్టాను. ఎనిమిదేళ్లు దాటింది. కొత్తగా చేరిన టీచర్లు "పనిచేస్తుందా?" అని అడుగుతుంటారు. టెక్సస్ కోర్సుకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఫెడరల్ కోర్సుకి సగమే. నిజానికి నేను అనుకున్నది దీనికి తలకిందులు. వాషింగ్టన్ వార్తలకి పిల్లలు ఎగబడతారు, టెక్సస్ రాజధాని ఆస్టిన్ వార్తలకి నిద్రపోతారు అనుకున్నాను.

2023 మే 27న టెక్సస్ ప్రతినిధుల సభ అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి) కెన్ పాక్స్‌టన్‌ని 121-23 ఓట్లతో ఇంపీచ్ చేసింది, అంటే పదవి నుంచి తీసేయాలని అభియోగం మోపింది. సెనేట్‌లో విచారణ సెప్టెంబరులో, అంటే నా ఫాల్ సెమిస్టర్ నడుస్తుండగా. వెనక వరసలో కూర్చునే ఒకబ్బాయి, మిలటరీలో చేసి వచ్చినవాడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, చెయ్యెత్తాడు. "ట్రంప్‌ని రెండుసార్లు ఇంపీచ్ చేసినా కుర్చీలోనే ఉన్నాడు. ఈయన్ని విచారణ కాకముందే ఎందుకు పక్కకి తప్పించారు?"

నేను జవాబు చెప్పలేదు. తెర మీద టెక్సస్ రాజ్యాంగం 15వ ఆర్టికల్, ఐదో సెక్షన్ పెట్టాను. ఇంపీచ్‌మెంట్ తేలేదాకా ఆ అధికారి విధుల నుంచి సస్పెన్షన్‌లో ఉండాలని అక్కడుంది. పక్కన అమెరికా రాజ్యాంగం మొదటి ఆర్టికల్ పెట్టాను. అందులో వెతకమన్నాను. అయిదు నిమిషాలు వెతికి, లేదన్నారు. లేకపోవడమే జవాబు. అంతలో ముందు వరసలో అమ్మాయి ఇంకోటి పట్టుకుంది. ఆయన భార్య ఏంజెలా పాక్స్‌టన్ అదే సెనేట్‌లో సభ్యురాలు. విచారణలో ఆవిడ కూర్చోవచ్చు, ఓటు మాత్రం వేయకూడదని సెనేట్ రూలు పెట్టుకుంది. కానీ దోషిగా తేల్చడానికి కావాల్సిన మూడింట రెండొంతుల లెక్కలో ఆవిడ సీటు ఉంటుంది. 31 మందిలో 21 ఓట్లు కావాలి. "అంటే ఓటు వేయకపోవడమే ఓటన్నమాట" అని ఎవరో అన్నారు. ఈ ఒక్క మాట పుస్తకంతో రాబట్టాలంటే నాకు రెండు వారాలు పట్టేది, అప్పుడైనా వచ్చేదో లేదో. సెప్టెంబరు 16న సెనేట్ ఆయన్ని నిర్దోషి అంది. క్లాసులో ఎవరికి ఎలా అనిపించిందో నేను అడగలేదు. అది నా పని కాదు.

2021 ఫిబ్రవరి మంచు తుపాను ఇంకో ఉదాహరణ. కరెంటు పోయి, పైపులు పగిలి, పిల్లలు కారులో హీటర్ వేసుకుని ఫోన్లో క్లాసుకొచ్చారు. మా ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద నీళ్లు కాచి సీసాల్లో పోసుకుని కాళ్ల దగ్గర పెట్టుకున్నాం. కరెంటు తిరిగొచ్చిన వారం క్లాసులో ఒకడు "ఎల్ పాసోలో మా కజిన్‌కి కరెంటు పోలేదు, అదీ టెక్ససే కదా" అన్నాడు. ఎల్ పాసో ఎర్కాట్ అనే టెక్సస్ సొంత కరెంటు గ్రిడ్‌లో లేదు, పశ్చిమ రాష్ట్రాల గ్రిడ్‌లో ఉంది. మన గ్రిడ్ దాదాపుగా రాష్ట్రం గీత దాటదు కాబట్టి ధరలు, మార్కెట్ విషయంలో ఫెడరల్ నియంత్రణ దాని మీద చాలావరకు పడదు. ఫెడరలిజం (కేంద్రం, రాష్ట్రాలు అధికారం పంచుకోవడం) అనే మాటకి నిర్వచనం రాయమంటే పెన్ను కొరికే పిల్లలు ఆ రోజు గంటసేపు వాదించుకున్నారు. చలి తిన్నవాళ్లకి చెప్పక్కర్లేదు మరి.

ఇంత పొగిడాక లోపం కూడా చెప్పాలి. టెక్సస్ శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరంలో, జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులు కూర్చుంటుంది. సభ్యుల జీతం నెలకు 600 డాలర్లు. అందుకని బేసి ఏడాది వసంతంలో నాకు పంటే పంట. 2025 వేసవిలోనైతే నియోజకవర్గాల గీతలు మార్చే బిల్లు ఆపడానికి డెమొక్రాట్ సభ్యులు ఇలినాయ్ వెళ్లి కోరం విరగ్గొట్టారు. 150 మంది సభలో కోరం 100. 2021లో ఇలాగే వాషింగ్టన్ వెళ్లినప్పుడు లేని జరిమానా, రోజుకి 500 డాలర్లు, ఈసారి ఉంది. అన్నీ వరసగా పాఠాలే. సరి సంవత్సరంలో మాత్రం మార్చి ప్రైమరీ (పార్టీల అభ్యర్థుల్ని తేల్చే ఎన్నిక) అయిపోయాక శాసనసభ గురించి చెప్పడానికి తాజా వార్త దొరకదు. అప్పుడు పాత వార్తే వేడిచేసి పెట్టాలి, రుచి తేడా పిల్లలకి తెలిసిపోతుంది.

ఇక ఫెడరల్ కోర్సు. అక్కడ వార్తలకి కరువు లేదు, వరద. అదే ఇబ్బంది. వార్తలో మనుషులే ఉంటారు, వ్యవస్థ ఉండదు. ఎవరు ఎవర్ని తిట్టారన్నది పిల్లలకి నాకంటే ముందే తెలుసు. కమిటీ నుంచి బిల్లు బయటికెలా వస్తుందో మాత్రం ఎవరూ చూసి ఉండరు. పైగా వార్త నా కంటే వేగంగా పరిగెడుతుంది. 2023 అక్టోబరు మొదట్లో సోమవారం రాత్రి క్విజ్ తయారుచేసి ప్రింటు తీశాను. అందులో మూడో ప్రశ్న, ప్రతినిధుల సభ స్పీకర్ ఎవరు? మంగళవారం మధ్యాహ్నం 216-210 ఓట్లతో కెవిన్ మెకార్తీని దించేశారు. గురువారం క్విజ్. కాగితాలు మార్చే తీరిక లేక అలాగే పంచాను. సగం మంది మెకార్తీ అని రాశారు. ఒకావిడ, ఇద్దరు పిల్లల తల్లి, "ఈ వారం ఎవరూ లేరు" అని రాసింది. ఆవిడకి ఫుల్ మార్కులతోపాటు ఒకటి ఎక్కువ వేశాను. ఆ కుర్చీ అక్టోబరు 25 దాకా ఖాళీయే.

అప్పటినుంచి నాకో కట్టుబాటు. వార్త వచ్చిన రోజు క్లాసులోకి తీసుకురాను. ఆవకాయ మూడో రోజు తిరగగలుపుతాం కదా, అలా కనీసం మూడు రోజులు ఊరనిస్తాను. తెచ్చినప్పుడు కూడా వార్తతో పాటు అసలు కాగితం ఉండాలి. బిల్లు అయితే బిల్లు, తీర్పు అయితే తీర్పు, ఉత్తర్వు అయితే ఉత్తర్వు. ముందు కాగితం, తర్వాతే వార్త. ఇలా చేశాక "మీరు ఒక పక్షం వైపు మొగ్గుతున్నారు" అనే ఫిర్యాదులు బాగా తగ్గాయి. మొదటి రెండేళ్లలో రెండు ఫిర్యాదులొచ్చాయి, రెండు వేర్వేరు పక్షాల నుంచి. అప్పుడు నవ్వు రాలేదు లెండి.

డబ్బు సంగతి కూడా ఒక ముక్క. శాసనసభ సైటు, అమెరికా కాంగ్రెస్ సైటు, ఆ సమావేశాలు చూపించే సీ-స్పాన్ ఛానెల్ వీడియోలు ఉచితం. సీ-స్పాన్‌లో 2023 జనవరి స్పీకర్ ఎన్నిక, 15 రౌండ్లు, ఇప్పటికీ వేస్తాను. మామూలుగా సభలో కెమెరాలు సభ చేతిలోనే ఉంటాయి. ఆ నాలుగు రోజులు సీ-స్పాన్ సొంత కెమెరాలు పెట్టుకుంది కాబట్టి అవి అటూ ఇటూ తిరిగాయి, సభ్యులు వేళ్లు చూపించుకుని వాదించుకోవడం కనిపిస్తుంది. మ్యూట్‌లో పెట్టి వేస్తే ఇంకా బాగుంటుంది. డబ్బు కట్టి చదవాల్సిన పేపర్ ఒకటి కాలేజీ తరఫున తీసుకున్నాం గానీ సెమిస్టర్ మధ్యలో పాస్‌వర్డ్‌లు పనిచేయడం మానేశాయి. మళ్లీ ఆ జోలికి పోలేదు.

మన తెలుగువాళ్ల కోసం ఒక్క హెచ్చరిక. మన పేపర్లలో ఇక్కడి పదవుల పేర్లు చదివి మన దేశం అర్థం తగిలించుకోకండి. ఇక్కడ గవర్నర్ జనం ఓట్లతో గెలిచినవాడు, మన ముఖ్యమంత్రికే దగ్గర. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్‌లో, గజాలా హాష్మీ వర్జీనియాలో లెఫ్టినెంట్ గవర్నర్లుగా గెలిచినప్పుడు మా బంధువులు ఢిల్లీ, పుదుచ్చేరి గుర్తుతెచ్చుకుని "కేంద్రం వేసిందా?" అని అడిగారు. పేరు ఒకటే, పని రాష్ట్రానికో రకం. మేరీలాండ్‌లో గవర్నర్ అప్పజెప్పిందే పని. వర్జీనియాలో సెనేట్‌కి అధ్యక్షత వహించి, ఓట్లు సమానమైతే తనది వేస్తారు. టెక్సస్‌లోనైతే సెనేట్ కమిటీల్లో ఎవరుండాలో, ఏ బిల్లు ఎక్కడికెళ్లాలో ఆ ఒక్క మనిషే తేలుస్తాడు. ఈ పాఠం ఏటా చెబుతాను, ఏటా బాగా పండుతుంది.

నక్షత్రాలు వేయమంటే 2306కి నాలుగున్నర, 2305కి మూడు. మూడో రోజు కట్టుబాటు లేకుండా వాడితే రెండే.

2025 జనవరి 20న జన్మతః పౌరసత్వాన్ని కుదిస్తూ ట్రంప్ ఉత్తర్వు వచ్చింది. క్లాసులో నన్ను ప్రొఫెసర్ అనీ, పార్కింగ్‌లో ఆంటీ అనీ పిలిచే ఒక తెలుగమ్మాయి ఆ వారం కంగారుగా వచ్చింది. వాళ్ల అక్కా బావా హెచ్‌1బి మీద ఉన్నారు, మార్చిలో డెలివరీ. ఇక్కడ పుట్టిన పిల్లలందరి పాస్‌పోర్టులూ రద్దని వాళ్లమ్మ వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. కారు బానెట్ మీద ఫోన్ పెట్టి ఉత్తర్వు చదివించాను. 30 రోజుల తర్వాత పుట్టేవాళ్లకే అని అందులోనే ఉంది. తర్వాత ఇక్కడ పుట్టినవాళ్ల పౌరసత్వం గురించి చెప్పే రాజ్యాంగ 14వ సవరణ మొదటి వాక్యం. 23న సియాటిల్‌లో ఫెడరల్ జడ్జి దాన్ని ఆపాడన్న వార్త చివర్లో. అది చదువుతుండగానే వాళ్లమ్మకి ఫోన్ చేసి ఇంగ్లీషూ తెలుగూ కలిపి అప్పజెప్పేసింది. పెట్టేశాక, "ఆంటీ, అమ్మ గ్రూపులో మీ నంబర్ ఇచ్చేసిందట, ఏమనుకోకండి" అంది.

అదే ఏడాది సెప్టెంబరు 19 శుక్రవారం, హెచ్‌1బి ఫీజు లక్ష డాలర్లన్న రాత్రి, మొదటి ఫోన్ పదిన్నరకి వచ్చింది. ఎవరో గుంటూరు యాసలో, "మేడమ్, నిజమేనా అండీ?" అన్నారు.

"ప్రకటన చదివారా?" అన్నాను.

"లేదండీ."

"లింకు పంపుతాను. చదివి మళ్లీ చేయండి."