ఇంటి పక్కన వైన్స్‌తో ఇబ్బంది: 100కు ఫోన్, ఎక్సైజ్‌కు అర్జీ, రోడ్డు మీద ధర్నా... ఏది మేలు?

హనుమకొండలో మెయిన్ రోడ్డుకు నాలుగిళ్లు లోపలికి ఉంటుంది మా కాలనీ. 2023 డిసెంబర్‌లో సందు మూల మీది షట్టర్లలో వైన్స్ తెరిచారు, వెనకాలే పర్మిట్ రూమ్, అంటే కొన్నవాళ్లు కూర్చొని తాగే గది. లోపల ఉక్కపోత అని కొందరు, చోటు లేదని కొందరు, సీసా కొనుక్కొని వచ్చి మా ప్రహరీల పక్కన బండ్ల మీదే కూర్చునేవాళ్లు. పొద్దున గేటు తీస్తే ప్లాస్టిక్ గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు, గాజు పెంకులు. సాయంత్రం ఏడు దాటితే ట్యూషన్‌కు పోయిన ఆడపిల్లలను తీసుకురావడానికి ఇంట్లో ఎవరో ఒకరు రోడ్డు దాకా పోవాల్సిందే. రోజూ టెన్షనే.

రెండేళ్లలో మేము చేయని ప్రయత్నం లేదు. కానీ ముందు చేయాల్సింది చివర, చివర చేయాల్సింది ముందు చేశాం. ఇప్పుడు ఇదే బాధలో ఉన్నవాళ్లకు మా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

100కు ఫోన్ చేయడం అందరికీ తెలిసిన దారి. గొడవ జరుగుతున్నప్పుడు, ఎవరైనా ఆడవాళ్లను ఏదైనా అంటున్నప్పుడు, వేరే ఆలోచన వద్దు, వెంటనే చేయాలి. మేము చేసినప్పుడల్లా బ్లూ కోల్ట్స్ పోలీసులు బండి మీద వచ్చి అందరినీ లేపి పంపించేవాళ్లు. తాగి బహిరంగ స్థలంలో ఇబ్బంది పెట్టేవాళ్ల మీద భారతీయ న్యాయ సంహిత 355 సెక్షన్ ఉంది: 24 గంటల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. అయితే ఇదంతా తాగినవాడి మీద. షాపుకు ఏమీ కాదు. ఇవాళ నలుగురు పోతే రేపు వేరే నలుగురు వస్తారు. అందుకే ఫోన్ ఆ రాత్రికి మాత్రమే మేలు. ఫోన్ చేసిన తేదీ, టైమ్ ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టుకోండి. ఆ పుస్తకం విలువ మాకు ఏడాది తర్వాత తెలిసింది.

ధర్నా సంగతి. కాలనీ మహిళలు టెంట్ వేసి కూర్చున్నారు. విలేకరులు వచ్చారు, ఫోటోలు పడ్డాయి, షాపు మూడు రోజులు మూసి ఉంది. నాలుగో రోజు మళ్లీ తెరిచారు. చేతిలో ఒక్క కాగితం లేదు. పైగా రోడ్డుకు అడ్డంగా కూర్చున్నందుకు కేసు పెడతామన్న మాట కూడా విన్నాం. అయినా ధర్నా దండగ అని నేను అనను. అప్పటిదాకా మనకెందుకులే అని తలుపులు వేసుకున్న ఇళ్లవాళ్లు ఆ టెంట్ కిందికి వచ్చాకే తర్వాతి అర్జీ మీద సంతకాలు పెట్టారు. మనుషులను కలపడానికి ధర్నా మంచిది, షాపును దారిలో పెట్టడానికి చాలదు.

షాపు భయపడేది లైసెన్సుకు. ఆ లైసెన్సు ఎక్సైజ్ శాఖ చేతిలో ఉంటుంది. కాబట్టి నా లెక్కలో అన్నిటికంటే బలమైన దారి ఎక్సైజ్ ఆఫీసులో రాతపూర్వక ఫిర్యాదు. కానీ ఎలా రాస్తామన్న దాని మీదే అంతా ఉంది. మేము మొదట రాసింది ఇది: ‘మా కాలనీలో తాగుబోతుల బెడద ఎక్కువైంది, తగు చర్యలు తీసుకోగలరు.’ నలభై సంతకాలు ఉన్నా ఏమీ కాలేదు. తాగుబోతుల బెడద అనేది లైసెన్సులో ఉండే మాట కాదు మరి. రెండోసారి రిటైర్డ్ టీచరమ్మ ఒకరు కూర్చొని రాశారు: ఫలానా తేదీ రాత్రి 10.40కి షట్టర్ సగం దించి అమ్మారు. ఫలానా మూడు రోజులు పర్మిట్ రూమ్ బయట, షాపు ముందే తాగనిచ్చారు. 21 ఏళ్లు నిండని పిల్లలకు అమ్ముతున్నారు. ప్రతి దానికి ఫోటో, తేదీ, పక్కన మా ఫోన్ల పట్టిక. మా హనుమకొండలో వైన్స్ టైమ్ ఉదయం 10 నుంచి రాత్రి 10. 21 ఏళ్ల లోపు వారికి అమ్మకూడదు. తాగడానికి చోటు పర్మిట్ రూమే. ఇవి తప్పితే అది షాపు తప్పు. అర్జీ ఇచ్చిన వారంలోనే తనిఖీకి వచ్చారు.

ఒక చోట మాత్రం బోల్తా పడ్డాం. సందు చివర స్కూలు ఉంది. బడికి, గుడికి, దవాఖానకు 100 మీటర్ల లోపు షాపు ఉండకూడదన్న నియమం పట్టుకొని, ఫోన్ మ్యాప్‌లో గీత గీసి 90 మీటర్లే వస్తోందని అర్జీ పెట్టాం. కొలత అట్లా ఉండదట. షాపు వాకిలి మధ్య నుంచి బడి గేటు మధ్య వరకు, మనిషి మామూలుగా నడిచే దారి వెంట కొలుస్తారు. అట్లా కొలిస్తే 100 దాటింది. మీరు అర్జీ రాసే ముందే టేపు పట్టుకొని నడిచి చూసుకోండి. ఒక్క తప్పు లెక్కతో మిగతా నిజాలు కూడా పలచబడతాయి.

కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంటుంది కదా, నేరుగా అక్కడికే పోతే సరిపోదా అని చాలామంది అడుగుతారు. కలెక్టర్ ఆ అర్జీని పంపేది తిరిగి ఎక్సైజ్ వాళ్లకే. అందుకే ముందు అక్కడ ఇచ్చి, రశీదు తీసుకొని, పని కాకపోతే ఆ నకలుతో ప్రజావాణికి పోవడం మేలు. దాంతోపాటు 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: లైసెన్సు నకలు, పర్మిట్ రూమ్ ఆమోదిత ప్లాన్, మన ఫిర్యాదు మీద జరిగిన తనిఖీ రిపోర్టు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తనిఖీ అయ్యాక మా అర్జీ ముందుకు కదిలింది ఈ దరఖాస్తు తర్వాతే.

బార్ అయితే లెక్క వేరు. అక్కడ బాధ ఎక్కువగా సౌండ్ బాక్సులతో. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 తర్వాత 45 డెసిబెల్స్ హద్దు. ఇది పోలీసుల పనే. ఊళ్లలో బెల్టు షాపు అయితే దానికి లైసెన్సే ఉండదు, షరతుల గొడవ లేదు. సరుకు ఏ వైన్స్ నుంచి వస్తోందో కూడా రాస్తే ఆ వైన్స్ లైసెన్సుకే చుట్టుకుంటుంది. ములుగు, ఏటూరునాగారం వైపు ఏజెన్సీ గ్రామాలకు 1996 పెసా చట్టం ఉంది. మద్యం అమ్మకం నియంత్రణలో గ్రామసభ మాటకు చట్టబద్ధమైన విలువ ఇచ్చిన చట్టం అది. పట్నంలో మాకు లేని బలం, వాడుకోవాలి.

కోర్టు దారీ ఉంది. ప్రజలకు ఇబ్బంది కలిగించే దాన్ని తొలగించమని భారతీయ నాగరిక సురక్షా సంహిత 152 కింద ఆర్డీవోను కోరవచ్చు. హైకోర్టులో రిట్ వేయవచ్చు. దూరం నియమం నిజంగా తప్పి, అధికారులు వినకపోతే తప్ప రిట్ ఖర్చు పెట్టుకోవద్దని నా సలహా.

అన్నిటికంటే ఆలస్యంగా తట్టింది షట్టర్ల యజమానిని కలవడం. లైసెన్సుదారు డ్రాలో వచ్చినవాడు, రెండేళ్లకు మారతాడు. షట్టర్లు మాత్రం మన ఊరి మనిషివే. టీచరమ్మ, నేను ఆయన ఇంటికి పోయాం. ‘కాకా, మీ మనుమరాలు రాత్రి ఏడింటికి ఆ సందుల నుంచి ఒక్కతే నడిచి వస్తదా?’ అని అడిగింది ఆమె. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి వారం షాపు ముందు మిర్చి బండి పోయింది, బయట కూర్చున్నవాళ్లను లోపలికి పంపడానికి ఒక మనిషిని పెట్టారు. 2025 చివర కొత్త లైసెన్సుల సమయంలో ఎక్కువ కిరాయి ఇస్తామన్నా ఆయన వైన్స్‌కు ఇవ్వలేదు. ఇప్పుడక్కడ టైర్ల దుకాణం ఉంది.

తెలంగాణలో ఇప్పుడున్న వైన్స్ లైసెన్సులు 2027 నవంబర్ 30 వరకు. వాటికి డ్రా 2025 అక్టోబర్‌లో తీశారు, షాపులు డిసెంబర్ 1న తెరిచారు. ఆ మధ్య రోజుల్లోనే గెలిచినవాళ్లు షట్టర్లు వెతుక్కుంటారు, అధికారులు స్థలం చూస్తారు. షాపు తెరిచాక తీయించడం కంటే తెరవక ముందు ఆపడం ఎంతో తేలిక. టేపుతో కొలిచిన దూరాల కాగితం, సంతకాల అర్జీ, ఖాళీ షట్టర్ల యజమానుల పేర్లు మీ కాలనీ వచ్చే డ్రాకు ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి.