పెళ్లికి ముందు పద్నాలుగు మందిమి: గోపాల్‌పూర్, రంభ వారాంతం

పది మందికి మించి ఆడపిల్లలం కలిసి ఊరెళ్దాం అనుకుంటే అందరూ ముందు ఊరి పేరు మీద పడతారు. గోవానా, పాండిచ్చేరా, అరకా అని వాట్సాప్‌లో వారాలు గడిచిపోతాయి. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది బస. రాత్రి భోజనాలయ్యాక అందరం ఒకేచోట కూర్చుని, పక్క గదివాళ్లు తలుపు కొడతారేమో అన్న భయం లేకుండా కబుర్లు చెప్పుకునే జాగా ఉందా, లేదా? ఉంటే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. లేకపోతే ఎంత అందమైన ఊరికెళ్లినా నలుగురేసి చొప్పున గదుల్లో సర్దుకుని, ఎవరి ఫోన్లు వాళ్లు చూసుకుని వచ్చేస్తాం.

మాది ఒడిశాలోని బరంపురం. పెళ్లికూతురిదీ ఇదే ఊరు. కలిసి చదువుకున్నవాళ్లం మొత్తం పద్నాలుగు మందిమి. ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ ఉద్యోగాలకని హైదరాబాద్, విశాఖ, బెంగళూరు, భువనేశ్వర్ చేరిపోయారు. మార్గశిరంలో పెళ్లి, అదీ బరంపురంలోనే. ఎలాగూ అందరూ ఇక్కడికే రావాలి కాబట్టి ఇంకెక్కడికో విమానమెక్కడం దండగనిపించింది. పెళ్లికూతుర్ని చేశాక ఎలాగూ గడప దాటనివ్వరు. అంతకు ముందు వచ్చిన శని, ఆదివారాలే మాకు మిగిలాయి. ఇంట్లో 'బ్యాచిలరెట్' అన్న మాట వాడి పెద్దవాళ్లను కంగారు పెట్టకుండా, ఎక్కడుంటాం, ఏ బండిలో వెళ్తాం, ఎప్పుడొస్తాం అన్నీ ఒక కాగితం మీద రాసి పెళ్లికూతురి అమ్మకు ఇచ్చాం. "డ్రైవరు నంబరు కూడా రాయమ్మా" అందావిడ. రాశాం. ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించుకుని, తిరిగొచ్చేదాకా ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదావిడ. పెళ్లి ఇంట్లో ఆడపిల్లని బయటికి పంపాలంటే వాళ్లకుండే టెన్షన్ నిజమైనది. దానికి సమాధానం ఇలాంటి వివరాలే.

మొదట అనుకున్నది దారింగ్‌బాడి. కంధమాల్ కొండల్లో, సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. పైన్ చెట్లు, కాఫీ, మిరియం తోటలు, డిసెంబరు చలి. ఫొటోలు చూసి బెంగళూరు వాళ్లు అక్కడికే అని పట్టుబట్టారు. కానీ బరంపురం నుంచి మూడు నాలుగు గంటల దారి, అందులో ఘాట్ రోడ్డు. ఘాట్ ఎక్కితే వాంతులయ్యేవాళ్లు మాలో ముగ్గురున్నారు. రెండు రోజుల్లో ఒక రోజంతా బండిలోనే పోతుంది. ఇద్దరు ముగ్గురు వెళ్లడానికి దారింగ్‌బాడి చాలా బాగుంటుంది, పెద్ద గుంపుకి మాత్రం వారాంతం చాలదు.

తర్వాత తప్తపాణి. బరంపురానికి 50 కిలోమీటర్లు, దిగపహండి మీదుగా వెళ్లాలి. అడవిలో గంధకం వాసనొచ్చే వేడినీటి ఊట. అక్కడి పాంథనివాస్‌లో (ఒడిశా టూరిజం వాళ్ల బస) ఆ నీళ్లు గదిలోకే వచ్చే ఏర్పాటున్న గదులు ఉన్నాయి, అవి కొన్నే. బయట కుండంలో స్నానమంటే అందరి కళ్ల ముందూ చెయ్యాలి, పెళ్లికూతురు వద్దనేసింది. ఆ మాటతో అదీ పోయింది.

ఇక మిగిలినవి రంభ, గోపాల్‌పూర్. అసలు చర్చంతా వీటి మీదే నడిచింది.

రంభ అంటే చిలికా సరస్సుకి దక్షిణపు కొస. ఒడ్డున ఒడిశా టూరిజం వాళ్ల పాంథనివాస్, దాని ముందే పడవల రేవు. దగ్గరలోనే రంభ ప్యాలెస్ ఉంది. 1790ల్లో ఈస్టిండియా కంపెనీ అధికారి స్నాడ్‌గ్రాస్ కట్టించాడు. తర్వాత ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది, ఇప్పుడు హోటల్‌గా నడుస్తోంది. కొన్ని గదులే, ఖరీదూ ఎక్కువే. పది మంది లోపు ఉండి, ఖర్చుకి వెనకాడనివాళ్లైతే నేను కళ్లు మూసుకుని అదే చెప్తాను. మా బడ్జెట్‌కి అందలేదు. పైగా రంభలో చీకటి పడితే ఊరంతా సద్దుమణుగుతుంది. పద్నాలుగు మంది ఆడపిల్లలు రాత్రి పూట కాస్త నడిచొద్దామంటే వెలుతురున్న చోటు ఉండదు.

గోపాల్‌పూర్‌కి అది ఉంది. బరంపురం స్టేషను నుంచి 16 కిలోమీటర్లు. ఒకప్పుడు బర్మాకి ఓడలు నడిచిన రేవు ఇది. ఆనాటి గోడౌన్ల మొండిగోడలు ఇప్పటికీ ఉన్నాయి, లైట్‌హౌస్ ఉంది. ఇటలీ నుంచి వచ్చినాయన 1914లో మొదలుపెట్టిన పామ్ బీచ్ హోటల్ ఇప్పుడు మేఫెయిర్ వాళ్ల చేతిలో ఉంది. సముద్రం ఒడ్డు వెంట చిన్నా పెద్దా లాడ్జీలు, సాయంత్రం చేపల వేపుడు బళ్లు, పొద్దుపోయేదాకా జనం. శని, ఆదివారాల్లో రద్దీగానే ఉంటుంది, అయినా గుంపుగా ఉన్న ఆడవాళ్లకి ఆ రద్దీయే ధైర్యం. రాత్రి బస గోపాల్‌పూర్‌లో, పగలు రంభలో అని తేల్చుకున్నాం. ఇంకొకళ్లడిగినా ఇదే చెప్తాను.

బస దొరకడమే అన్నింటికన్నా కష్టమైంది. ఒక లాడ్జీ వాళ్లు ఫోన్‌లో ఐదు గదులూ ఒకే అంతస్తులో ఇస్తామన్నారు, అడ్వాన్సు తీసుకున్నారు. వారం ముందు మళ్లీ ఫోన్ చేస్తే, "మీతో మగవాళ్లెవరూ లేరా? అయితే మేనేజర్‌ని అడగాలి" అన్నారు. అందరం ముప్పైకి దగ్గరపడ్డవాళ్లం, సొంత సంపాదన మీద బతుకుతున్నవాళ్లం. ఆ ప్రశ్న ఎంత చివుక్కుమనిపించిందో మాటల్లో చెప్పలేను. అడ్వాన్సు వెనక్కి రావడానికి పది రోజులు పట్టింది. ఆ తర్వాత ఎవరికి ఫోన్ చేసినా మొదటి మాటే ఇది: "పద్నాలుగు మంది ఆడవాళ్లం, వేరే ఎవరూ ఉండరు, అందరికీ ఆధార్ ఉంది, మీకు అభ్యంతరం ఉందా?" లేదన్నవాళ్ల దగ్గర ఆ మాట వాట్సాప్‌లో రాయించుకునేదాన్ని. చివరికి దొరికింది ఒక కుటుంబం నడిపే రెండంతస్తుల గెస్ట్‌హౌస్. పై అంతస్తు మొత్తం మాకే. ఐదు గదులు, మూడు బాత్‌రూములు, మెట్ల దగ్గర ఒక తలుపు, దానికి లోపలి నుంచి గడియ. ముందు సముద్రం కనబడే పొడవాటి వరండా. గదులు పాతవే, గీజరు ఒకటి పని చెయ్యలేదు, దుప్పట్లు పల్చన. కానీ ఆ వరండాలో చాపలు పరిచి రాత్రంతా అందరం అక్కడే ఉన్నాం. వరుసగా దిళ్లు వేసుకుని పడుకున్నప్పుడు పెళ్లికూతురి రెండు పక్కలా ఎవరు పడుకోవాలన్న తగువు ఇంటర్ చదివే రోజుల్లో లాగే తెగలేదు.

బాత్‌రూముల విషయం మర్చిపోకండి. నలుగురైదుగురికి ఒకటైనా లేకపోతే పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరాల్సిన బండి పదకొండింటికి కదులుతుంది.

దూరం నుంచి వచ్చేవాళ్లకి రైలే మేలు. హైదరాబాద్ వాళ్లు ఫలక్‌నుమాకి వచ్చారు. కోణార్క్, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు కూడా బరంపురంలో ఆగుతాయి. విశాఖ వాళ్లకి 2024 నుంచి భువనేశ్వర్ వందే భారత్ ఉంది, బెంగళూరు వాళ్లు విమానంలో విశాఖ దిగి అదే ఎక్కారు. స్టేషను నుంచి అన్నిటికీ ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. పద్నాలుగు మందికి పద్నాలుగు సీట్ల బండి చాలదు, సామాన్లూ సీట్లెక్కుతాయి. పదిహేడు సీట్లది తీసుకోండి. కిలోమీటరు లెక్కా, రోజు లెక్కా, డ్రైవరు బత్తా, టోల్, రాత్రి ఆగితే ఎంత అన్నవి ముందే రాయించుకోండి. మా డ్రైవరు తెలుగు, ఒడియా రెండూ మాట్లాడే ఇచ్ఛాపురం అన్న. దారిలో ఎక్కడ ఆడవాళ్లకి శుభ్రమైన బాత్‌రూం ఉందో ఆయనకి తెలుసు, మేం అడగకుండానే ఆపేవాడు. అలాంటి డ్రైవరు దొరికితే కాస్త ఎక్కువిచ్చినా నష్టం లేదు.

గోపాల్‌పూర్ సముద్రం చూడ్డానికి ఎంత బాగుంటుందో దిగడానికి అంత ప్రమాదం. ఒడ్డు నిటారుగా దిగుతుంది, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకని లాగేస్తుంది. మొదటి రోజు సాయంత్రం మోకాళ్ల లోతు దాకా వెళ్లగానే వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన తెలుగులో కేకేశాడు: "అక్కడ దిగకండమ్మా, గుంట ఉంది! ఇటు రండి." ఇక్కడ చేపల వేటకెళ్లేవాళ్లలో చాలామంది తెలుగువాళ్లే, ఒడియాలో నోలియాలంటారు. ఆయన లేచొచ్చి ఎక్కడిదాకా వెళ్లొచ్చో ఇసుకలో కాలితో గీత గీసి చూపించాడు. ఆ రెండు రోజులూ ఆ గీత దాటలేదు మేము. మీరు వెళ్లినా ముందు అక్కడి వేటవాళ్లని అడగండి. ఒడ్డున మందు తాగడం మాత్రం వద్దు. నేరం అన్నది అటుంచితే, రాత్రి ఆ సముద్రం పక్కన అది ప్రాణాల మీదికి తెస్తుంది.

రెండో రోజు పొద్దున్నే రంభ. దారిలో ఇడ్లీ, బొరా (గారె), ఉప్మా, వాటి మీద ఘుగుని. ఇడ్లీ మీద బఠాణీ కూర ఏంటని మొదటిసారి చూసిన బెంగళూరు అమ్మాయి రెండో ప్లేటు అడిగింది. పడవల దగ్గరికి తొమ్మిదిలోపే చేరుకోండి. మధ్యాహ్నం గాలి లేస్తే పడవ ఊగుతుంది, భయపడేవాళ్లు భయపడతారు. అందరం ఒకే పడవలో అనుకుని రెండింట్లో వెళ్లాం. ఎంతమందికి లైఫ్ జాకెట్లున్నాయో ఎక్కేముందు లెక్కపెట్టండి, ఎవరేమన్నా సరే తొడుక్కోండి. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్‌లో ఖల్లికోట రాజు కట్టించుకున్న బంగళా శిథిలాలు, పక్షుల రాళ్లు, హనీమూన్ ఐలాండ్ అని పిలిచే బర్కుడా చూపిస్తారు. ఆ పేరు విని పెళ్లికూతుర్ని ఎంత ఏడిపించామో! డిసెంబరు కావడంతో నీళ్ల మీద బాతులు గుంపులు గుంపులుగా కనిపించాయి. డాల్ఫిన్లు చూడాలనుకునేవాళ్లు మాత్రం రంభ రావొద్దు. అవి ఎక్కువగా కనిపించేది పూరీ వైపు సాతపడాలో.

పడవ నడిపినాయన చిలికాలోని కాళీజాయి దీవి కథ చెప్పాడు. జాయి అనే కొత్త పెళ్లికూతురిని తండ్రి పడవలో అత్తారింటికి తీసుకెళ్తుంటే తుఫాను వచ్చి పడవ తిరగబడింది, పిల్ల మళ్లీ దొరకలేదు, ఆ దీవిలోనే దేవతై వెలిసిందంటారు. మా పెళ్లికూతురు అత్తారిల్లు చాలా దూరం. కథ విన్నంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉంది. దర్శనానికి వెళ్దామా అని ఒకరన్నారు. ఆ దీవికి బర్కూల్, బాలుగాఁవ్ నుంచే దగ్గర, రంభ నుంచి ఆ రోజుకి కుదరదు. "పెళ్లయ్యాక ఆయనతో వస్తానులే" అంది తను.

భోజనాల్లో ఒక జాగ్రత్త. కార్తీకంలో, ముఖ్యంగా చివరి ఐదు రోజుల పంచుకలో, ఇక్కడ చాలామంది నీచు ముట్టరు. మార్గశిర గురువారాల్లోనూ అంతే. చిలికా పీతలు, రొయ్యల కోసమే వచ్చేవాళ్లు ఆ రోజులు చూసుకోవాలి. శాకాహారులుంటే వంట విడిగా చెయ్యాలని ముందు రోజే చెప్పాలి. మాలో నలుగురికి రంభలో పప్పు, దాల్మా (కూరగాయలు వేసిన పప్పు), బంగాళదుంప వేపుడు తప్ప ఏమీ దొరకలేదు, అదైనా వేడిగా పెట్టారు. అక్టోబరులో పెట్టుకుంటే మాత్రం బుకింగ్ రద్దు చేసుకునే వీలుందో లేదో చూసుకోండి. 2013లో ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే, అదీ అక్టోబరులోనే.

డబ్బు లెక్క ఒక్కరి చేతిలో పెట్టాం. మనిషికి 3,000 ముందే వసూలు చేసి, ఖర్చయిందల్లా సాయంత్రానికి గ్రూపులో పెట్టేది మా లెక్కల అమ్మాయి. పెళ్లికూతురి వాటా మిగతా పదముగ్గురం పంచుకున్నాం. మాలో ఒకరికి ఉద్యోగం పోయి ఆర్నెల్లయింది. ఆ సంగతి తెలిసే పెద్ద హోటళ్లు వదిలేశాం, ఎందుకో ఎవరూ అడగలేదు. ఖరీదైన బస పెట్టుకుని ఒకరు ఏదో వంక చెప్పి ఆగిపోయే పరిస్థితి తెచ్చుకోవడం కన్నా ఇదే నయం.

ఆదివారం మధ్యాహ్నం రైళ్ల లోపు బరంపురంలో పట్టుచీరల కొట్లకి వెళ్లాం. గుడి గోపురం వరసలా వచ్చే 'ఫొడా కుంభ' అంచు ఇక్కడి ప్రత్యేకత. చీరకీ, మగవాళ్లు కట్టుకునే 'జోడా' పట్టుబట్టకీ కలిపి 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేతవాళ్ల ఇళ్లకు వెళ్తే మగ్గం మీదే చూసి ఎంచుకోవచ్చు, తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. దీనికి కనీసం మూడు గంటలు ఉంచుకోండి, మేం గంటన్నరే ఉంచుకున్నాం. మూడో రోజు కూడా దొరికేవాళ్లు తప్తపాణి దాటి చంద్రగిరి దగ్గర జిరంగ్ వెళ్లండి. 1960ల్లో వచ్చి స్థిరపడ్డ టిబెటన్ల ఊళ్లు, 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద బౌద్ధ విహారం, చుట్టూ మొక్కజొన్న చేలు. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి బరంపురం చేరుకుని రాత్రి రైలు అందుకోవచ్చు.